మట్టిని కొలిచే కుంచం ఒకటే కావాలి: నేల శాస్త్ర సంస్థలకు బహిరంగ లేఖ

నాగ్‌పూర్, భోపాల్, కర్నాల్‌లలో ఉన్న మన జాతీయ నేల పరిశోధన సంస్థల పెద్దలకు, వారితో కలిసి పనిచేస్తున్న ఢాకా, శ్రీలంకలోని పెరదేణియ, బ్యాంకాక్, రోమ్ నగరాల శాస్త్రవేత్తలకు నమస్కారం.

నాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం. ఉద్దానం అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మూడెకరాల సాగు మాది. ఎకరం పల్లంలో వరి, మిగతా రెండెకరాల గరువులో, అంటే మెరక నేలలో, కొబ్బరి, జీడి. ఇటు రాకముందు పన్నెండేళ్లు ఒక మట్టి పరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేశాను. పొలం పని, ల్యాబ్ పని రెండూ చేతులతో చేసినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాసే ధైర్యం చేస్తున్నాను.

రెండేళ్ల కిందట మా వీధిలోని ఒక పెద్దాయన రెండు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఒకే పొలం మట్టి, ఒకే రోజు తీసి, సగం సగం చేసి రెండు ల్యాబ్‌లకు ఇచ్చాడట. ఒకదానిలో భాస్వరం హెక్టారుకు 8 కిలోలు, ‘తక్కువ’ అని ఉంది. రెండోదానిలో 40 కిలోలు. “మట్టొకటే గదమ్మా, మాటలు రెండేటి?” అని అడిగాడు.

కాగితాలు తిప్పి చూశాను. మొదటి ల్యాబ్ వాళ్లు ఒల్సెన్ పద్ధతిలో చేసి భాస్వరాన్ని భాస్వరంగానే రాశారు. రెండోవాళ్లు బ్రే పద్ధతిలో చేసి, భాస్వరపు ఆక్సైడ్‌గా, అంటే ఎరువుల బస్తా మీద ఉండే లెక్కలో రాశారు. ఆ 40ని 2.29తో భాగిస్తే 17న్నర వస్తుంది. మిగిలిన తేడా మట్టిలోంచి భాస్వరాన్ని లాగే ద్రావణాలది. మామూలుగా ఆమ్ల నేలలకు బ్రే, తటస్థ, క్షార నేలలకు ఒల్సెన్ వాడతారు. అంటే ఇద్దరిలో ఎవరూ అబద్ధం రాయలేదు. కానీ ఏ పద్ధతో, ఏ లెక్కో కాగితం మీద ఒక మూలన చిన్న అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో ఉంది. పెద్దాయనకు ఇదంతా చెప్పేసరికి గంట పట్టింది. చివరికి ఆయన ఎందుకైనా మంచిదని రెండు బస్తాల డీఏపీ వేశాడు. బస్తా 1,350 రూపాయలు. పరీక్ష చేయించకపోయినా ఆయన అదే పని చేసేవాడు.

ఒక మండలంలోనే ఇలా ఉంటే దేశాల మధ్య ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నేల పులుపు ఎంతో చెప్పే ఉదజని సూచికనే (పీహెచ్) తీసుకోండి. మన దగ్గర ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి చూస్తాం. అమెరికాలో ఒకటికి ఒకటి. చాలా దేశాల్లో ఒకటికి ఐదు. కొందరు నీళ్ల బదులు కాల్షియం క్లోరైడ్ ద్రావణం పోస్తారు, అప్పుడు అంకె అర నుంచి ఒకటి దాకా తగ్గుతుంది. 6 అని ఒకచోట రాసింది, 5.3 అని ఇంకోచోట రాసింది ఒకే నేల కావచ్చు.

మా తీరానికి ఇంకా దగ్గర విషయం ఉప్పు. నౌపడ ఉప్పు పొలాల పక్క గ్రామాల్లో, ఏటి ముఖాల దగ్గర చౌడు సమస్య పాతదే. ఉప్పు ఎంతుందో మట్టి నీటిలో కరెంటు పారే తీరును బట్టి కొలుస్తారు. ప్రపంచమంతా పుస్తకాల్లో రాసుకునే హద్దు మీటరుకు 4 డెసీసీమెన్లు. దాటితే ఉప్పు నేల. అయితే ఆ 4 మట్టిని నీళ్లతో ముద్దలా కలిపి, ఆ ముద్దలోంచి పిండిన నీటికి వర్తించే అంకె. మన భూసార కార్డు మీద ఉండేది ఒకటికి రెండున్నర వంతుల నీళ్లు పోసి చూసిన అంకె. నీళ్లు ఎక్కువ కాబట్టి ఉప్పు పలచబడి అంకె బాగా చిన్నదిగా వస్తుంది. చదువుకున్న కుర్రాడు ఎవరైనా ఫోన్లో వెతికి, 4 దాటితేనే ప్రమాదమని చదివి, తన కార్డు మీద 1.5 చూసుకుని, మా నేల బాగుందనుకుంటాడు. నారు మాడిపోయాక కదా తెలిసేది.

మా నాయనమ్మ చిన్నప్పుడు ఊరికో కుంచం ఉండేదని చెప్పేది. షావుకారు అప్పు ధాన్యం ఇచ్చేటప్పుడు ఒక కుంచం, తీసుకునేటప్పుడు ఇంకో కుంచం. ఏ కుంచంతో కొలిచారన్నది అడగడమే పెద్ద గొడవ. కిలో వచ్చాక ఆ గొడవ పోయింది. ఆ కిలో ఊరికే రాలేదు. 1875లో పారిస్‌లో దేశాలు కూర్చుని మీటరు ఒప్పందం రాసుకున్నాయి. మనం 1956లో తూనికలు, కొలతల చట్టం చేసుకుని, 1957లో ఆ ఒప్పందంలో చేరాం. దేశాలన్నీ ఒక మాట మీదికి వస్తే ఆ లాభం సంతలో తట్ట దించిన మనిషి దాకా వచ్చింది. మట్టి విషయంలో ఆ పని ఇంకా సగంలోనే ఉంది. ఆ మిగిలిన సగం గురించే నా విన్నపం.

మీరు చేసిన పని నాకు తెలియక కాదు. 1924లో రోమ్‌లో మొదలైన అంతర్జాతీయ నేల శాస్త్ర సంఘం వందేళ్లు పూర్తి చేసుకుంది. 1982లో దాని మహాసభ మన ఢిల్లీలోనే జరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012 డిసెంబరులో ప్రపంచ నేల భాగస్వామ్యాన్ని నెలకొల్పింది. 2017లో ప్రపంచ నేల ప్రయోగశాలల నెట్‌వర్క్, గ్లోసోలాన్, వచ్చింది. అదే ఏడాది ఇండోనేషియాలోని బోగోర్‌లో ఆగ్నేయాసియా ల్యాబ్‌ల కోసం సీల్‌నెట్ మొదలైంది. 2017 డిసెంబరు 5న, ప్రపంచ నేలల దినం నాడు, నేలలోని సేంద్రియ కర్బనం మ్యాప్ విడుదలైంది. అది నాకు చాలా నచ్చిన పని. ఎవరో ఒక పెద్ద దేశం అందరి తరఫున గీసిన మ్యాప్ కాదది. ఒకే పద్ధతి ఒప్పుకుని, ఏ దేశం ముక్క ఆ దేశం సంస్థే గీసి, అన్నీ కలిపి కుట్టారు.

మనలో మనం కూడా ఇలాంటి పని ఒకసారి చేసి చూపించాం. దేశంలో పాడైన భూమి ఎంత అంటే 1980లలో ఒక సంస్థ సుమారు 5.3 కోట్ల హెక్టార్లు అంది, 1990లలో ఇంకో సంస్థ సుమారు 18.8 కోట్ల హెక్టార్లు అంది. ఏది నమ్మి డబ్బు కేటాయించాలి? ఎవరి నిర్వచనం వారిది, ఎవరి పద్ధతి వారిది. తర్వాత అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని లెక్కలు సరిచూసుకుంటే 2010 నాటికి 12 కోట్ల హెక్టార్ల దగ్గర తేలింది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారికి నేను దణ్ణం పెడతాను. పేరు కోసం, సంస్థ పరువు కోసం పట్టుబట్టకుండా తన అంకెను వదులుకోవడం తేలిక కాదు.

పేర్ల సంగతీ అంతే. మీ పుస్తకాల్లో నల్ల నేలను ‘రెగుర్’ అని రాస్తారు. అది మన రేగడే. తెలుగు రైతు నోటి మాట ప్రపంచ నేల శాస్త్రంలోకి వెళ్లింది. రష్యా రైతు మాట చెర్నోజెమ్ కూడా అలాగే వెళ్లింది, దాని అర్థమూ నల్ల నేలే. కానీ రెండూ ఒకటి కాదు. చెర్నోజెమ్‌కు ఆ నలుపు కుళ్లిన గడ్డి వేర్ల నుంచి, సేంద్రియ పదార్థం నుంచి వచ్చింది. మన రేగడిలో సేంద్రియ పదార్థం తక్కువే, బంకమన్ను బలం ఎక్కువ. ఎండాకాలంలో చెయ్యి పట్టేంత బీటలు వారేది అందుకే. రెంటినీ ‘నల్ల నేల’ అని ఒకే గాటన కట్టి అక్కడి సలహా ఇక్కడ ఇస్తే రైతు మునుగుతాడు. అందుకే మీరు మన రేగడికి వర్టిసాల్ అని, అక్కడిదానికి చెర్నోజెమ్ అని వేరు వేరు పేర్లు పెట్టుకున్నారు. మంచిదే. ఆ పేరు పక్కనే గరువు, పల్లం, రేగడి, చౌడు, ఒండ్రు అన్న మా మాట కూడా కార్డు మీద అచ్చు వెయ్యమంటున్నాను. అప్పుడు బ్యాంకాక్ శాస్త్రవేత్తకూ అర్థమవుతుంది, మా పెద్దాయనకూ అర్థమవుతుంది.

ఇక నా మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్న విషయానికి వస్తాను.

మా తోడికోడలి భర్త, నాకు బావగారు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. మందు, సిగరెట్టు ఎరగని మనిషి. షుగర్ లేదు. పొద్దున్నే కొబ్బరి తోటలోకి వెళ్లి, ఎండ నెత్తికెక్కాక తిరిగొచ్చే మనిషి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలో అడిగినా ఇలాంటి ఇల్లు చూపిస్తారు. ఇదే రకం కిడ్నీ జబ్బు శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి పండించే రైతులకు ఉంది. నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసే కూలీలకు ఉంది. ఎండలో పని అన్నారు, నీళ్లన్నారు, లోహాలన్నారు, పురుగుమందులన్నారు. ఒక్క కారణమని ఇంతవరకు తేలలేదు. మట్టిలోనే ఉందని నేను అనడం లేదు. మట్టిలో ఉందో లేదో తేల్చడానికైనా మూడు చోట్ల మట్టిని ఒకేలా కొలవాలి కదా అంటున్నాను.

కాడ్మియం అనే భారలోహం సంగతి చూడండి. గాఢమైన ఆమ్లాల్లో మట్టిని మరిగించి మొత్తం కాడ్మియం ఎంతో చెప్పవచ్చు. లేదా డీటీపీఏ లాంటి మెత్తని ద్రావణంతో, మొక్క వేరుకు అందేది ఎంతో చెప్పవచ్చు. రెండూ కాడ్మియమే, అంకెలు మాత్రం ఎక్కడా పొంతన కుదరవు. ఒక దేశంలో మొదటిది, ఇంకో దేశంలో రెండోది కొలిచి పక్కపక్కన పెడితే ఏం తెలుస్తుంది? విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు గనుల చుట్టుపక్కల పొలాలకూ ఇదే ప్రశ్న. 2015లో శ్రీలంక గ్లైఫోసేట్ కలుపు మందును నిషేధించింది, తర్వాత మెల్లగా సడలించింది, చివరికి ఎత్తేసింది. దానికి ఈ కిడ్నీ జబ్బు భయమే ముఖ్య కారణం. ఒక దేశం రైతాంగమంతా ఆ నిర్ణయాల మధ్య నలిగింది. అలాంటి నిర్ణయం తీసుకునేవారి ముందు గట్టి అంకెలు ఉండాలి.

కిడ్నీ డాక్టర్లు ఈ విషయంలో మనకంటే ముందున్నారు. వేర్వేరు దేశాల్లో కిడ్నీ పనితీరును ఒకే ప్రోటోకాల్‌తో కొలిచి పోల్చడానికి ‘డిగ్రీ’ అనే అధ్యయనం మొదలుపెట్టారు. రక్తానికి చేసిన పని మట్టికి, నీటికి ఎందుకు చెయ్యకూడదు? ఉద్దానం, అనూరాధపురం, నికరాగువా తీరం, మూడు చోట్లా ఒకే లోతున, ఒకే జల్లెడ పట్టి, ఒకే ద్రావణంతో. దీనికి కొత్త సంస్థ అక్కర్లేదు. ఉన్న జాతీయ సంస్థలు ఒప్పుకుంటే చాలు.

మా ఊరికి మట్టి కోసం వచ్చినవాళ్లు తక్కువేం కాదు. బావగారి తోటలోంచే నాకు తెలిసి మూడుసార్లు కవర్లలో మట్టి పట్టుకెళ్లారు. ప్రతిసారీ ఫోన్ నంబర్ రాసుకున్నారు. ఒక్కసారి కూడా ఫలితం ఇదీ అని తిరిగి చెప్పలేదు. బావగారు ఇప్పటికీ ఎవరొచ్చినా కుర్చీ వేసి, బోండాం కొట్టి ఇస్తారు. నాకే మనసు ఒప్పదు. పేపర్లో అచ్చయితే చాలనుకోకండి. ఆ తోట మట్టి ఏం చెప్పిందో ఆ తోట మనిషికి మొదట చెప్పాలి. దేశాల మధ్య సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం మీద మీరు ఎన్నో నియమాలు రాసుకుంటున్నారు. అందులో ఈ ఒక్క ముక్క చేర్చండి.

ఇప్పుడు ల్యాబ్ బల్ల దగ్గర నుంచి ఒక మాట. గ్లోసోలాన్‌లో ప్రతి దేశం నుంచి జాతీయ రిఫరెన్స్ ల్యాబ్ ఉంటుంది. విషయం చెప్పకుండా ఒకే మట్టిని అన్ని ల్యాబ్‌లకు పంపి ఎవరి అంకె ఎంత దూరంలో ఉందో చూస్తారు. ఎంత మంచి పద్ధతి! నేను పనిచేసిన పన్నెండేళ్లలో అలాంటి పొట్లం మా బల్ల మీదికి ఒక్కటీ రాలేదు. రోజుకు ఇన్ని నమూనాలు పూర్తవ్వాలన్న టార్గెట్ మాత్రం వచ్చేది. ఒక వేసవిలో ఉదజని సూచిక కొలిచే మీటరును సరిచేసుకునే బఫర్ ద్రావణం పాడైందని నేను గమనించేసరికి రెండు రోజుల నమూనాలు అయిపోయాయి. అరవై పైచిలుకు. అన్నీ అర పాయింటు తేడా. పైవాళ్లకు చెప్పాను. కార్డులు అప్పటికే ప్రింటుకు వెళ్లిపోయాయన్నారు. ఆ అరవై మంది ఎవరో నాకు తెలియదు. ఆ కార్డు చూసి ఎవరైనా అనవసరంగా సున్నం కొన్నారేమో అన్న టెన్షన్ ఇప్పటికీ ఉంది. నెలకు ఒక్క తెలియని పొట్లం వచ్చే ఏర్పాటు ఉండి ఉంటే, ఆ పొట్లం భయానికైనా బఫర్ మార్చేవాళ్లం. ఇది శిక్ష వెయ్యడానికి కాదు. కాంట్రాక్టు మీద చాలీచాలని జీతానికి పనిచేసే పిల్లలకు, నువ్వు చేసింది సరిగ్గానే ఉందని చెప్పేవాడు ఒకడు కావాలి.

వాళ్ల ఆరోగ్యం కూడా చూడండి. సేంద్రియ కర్బనానికి మనం ఇప్పటికీ 1934 నాటి వాక్లీ–బ్లాక్ పద్ధతే చేస్తున్నాం. డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. అది మొత్తం కర్బనాన్ని పట్టదు, నాలుగింట మూడు వంతులకు కాస్త పైగా పడుతుంది, మిగతాది ఒక గుణకంతో సరిచేస్తారు. ఆ గుణకం అందరూ ఒకటే వాడుతున్నారా? వాడిన క్రోమియం నీళ్లు ఎక్కడ పోస్తున్నాం? గ్లోసోలాన్ రాసిన పద్ధతి పుస్తకంలో చేతి తొడుగుల నుంచి వ్యర్థాల దాకా వివరంగా ఉంది. దాన్ని తెలుగులో అచ్చు వేసి మన ల్యాబ్ గోడకు అంటిస్తే ఎంత బాగుంటుంది.

మట్టిని దేశం దాటించడం తేలిక కాదని నాకు తెలుసు. మట్టితో పాటు తెగుళ్లు, పురుగులు, కలుపు గింజలు వెళ్తాయి. క్వారంటైన్ అనుమతులు కావాలి, అదీ న్యాయమే. అందుకే రిఫరెన్స్ మట్టి, అంటే ల్యాబ్‌లు తమ అంకెను సరిచూసుకునే మట్టి, ఎక్కడికక్కడ తయారవ్వాలి. మా జిల్లాలోనే నైరాలో వ్యవసాయ కళాశాల ఉంది, రాగోలులో పరిశోధన కేంద్రం ఉంది, పక్క జిల్లా విజయనగరంలో చిరుధాన్యాల పరిశోధన కేంద్రం ఉంది. ఉద్దానం గరువు, వంశధార ఒండ్రు, నాగావళి పల్లం, నౌపడ చౌడు, విజయనగరం ఎర్ర నేల, ఈ ఐదు రకాలను క్వింటాళ్ల కొద్దీ తెచ్చి, నీడలో ఆరబెట్టి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, బాగా కలిపి, పొట్లాలు కట్టమనండి. భోపాల్ వాళ్లు వాటి అంకెలు ఖాయం చెయ్యాలి. ఆ పొట్లాలు మన జిల్లా ల్యాబ్‌లన్నిటికీ తిరగాలి. కొన్ని అనుమతులతో ఢాకాకు, బ్యాంకాక్‌కు, పెరదేణియకు వెళ్లాలి, వాళ్ల మట్టి ఇక్కడికి రావాలి. వంశధార ఒడిశాలో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీళ్ల పంపకం మీద రెండు రాష్ట్రాలు ట్రిబ్యునల్ దాకా వెళ్లాయి. ఆ నీళ్లతో కొట్టుకొచ్చే మట్టి గురించి మాత్రం రెండు వైపుల శాస్త్రవేత్తలు కలిసి కూర్చుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. భువనేశ్వర్‌ను కూడా పిలవండి.

థాయ్‌లాండ్ నుంచి ఒకటి నేర్చుకోవాలి. అక్కడి భూ అభివృద్ధి శాఖ ఊరి రైతుల్లోంచే ‘నేల డాక్టర్ల’ను తయారుచేసింది. పక్క రైతుకు మట్టి ఎలా తియ్యాలో, కాగితం ఎలా చదవాలో వాళ్లే చెబుతారు. ఆ అనుభవంతోనే 2020లో ప్రపంచ నేల డాక్టర్ల కార్యక్రమం మొదలైంది. మన దగ్గర ప్రకృతి వ్యవసాయంలో వేలమంది మహిళా సంఘాల అక్కచెల్లెళ్లు ఇప్పటికే ఊరూరా తిరుగుతున్నారు. ఆ పనికి 2024లో పోర్చుగల్ వాళ్లిచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. గత్తం వేసిన నేల మెత్తబడిందని, వానపాములు వచ్చాయని వాళ్లు కళ్లతో చూసి చెబుతున్నారు. ఆ మాట అందరూ ఒప్పుకునే కొలతతో కూడా నిలబడాలి. వాళ్లకు నేల డాక్టర్ శిక్షణ ఇవ్వండి.

ఇంకొక చిన్న సంగతి. భూసార కార్డు పథకంలో వర్షాధార భూమికి పది హెక్టార్లకు ఒక నమూనా అన్నారు. ఉద్దానంలో పది హెక్టార్లలో ఇసుక దిబ్బ, గరువు, పల్లం మూడూ ఉంటాయి. అలాంటి చోట గళ్లు చిన్నవి చెయ్యండి.

ఏప్రిల్‌లో మినుములు తీసేశాక మా పల్లం ఖాళీగా ఉంటుంది. మట్టి తియ్యడానికి అదే అదను. గట్ల పక్కన, చెట్ల కింద, గత్తం కుప్ప ఉన్న చోట వదిలేసి, వంకర టింకరగా నడుస్తూ పది చోట్ల ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో గుంట తవ్వి, జానెడు లోతు దాకా తీసిస్తాను. పార, బకెట్టు, గుడ్డ సంచులు నా దగ్గర ఉన్నాయి. బావగారి తోటలోనూ తీద్దాం, ఆయన ఒప్పుకున్నారు. మంగళ, శుక్రవారాలు మాత్రం వద్దు, డయాలసిస్ రోజులు. పెద్దాయన తన రెండు కాగితాలూ దాచి ఉంచాడు, మీరొస్తే చూపిస్తానన్నాడు.

ఇట్లు,
ఒక రైతు, మాజీ ల్యాబ్ టెక్నీషియన్
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా